తలుపు మందం

అందరికీ నమస్కారం. కార్లు ఏటికేడు ఎందుకు పెద్దవవుతున్నాయో మాట్లాడదామని వచ్చాను. ముందుగా ఒక కారు తలుపు గురించి చెప్తాను.

1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన మినీ కారు వచ్చింది. దాని తలుపంటే ఒక రేకు, పక్కకు జరిపే అద్దం, లోపల్నుంచి లాగి తీయడానికి ఒక తాడు. అద్దం కిందికి దిగేది కాదు కాబట్టి తలుపు లోపలంతా ఖాళీయే. ఆ ఖాళీని సామాన్లు పెట్టుకునే అరగా వదిలేశారు. కారు పొడవు 3.05 మీటర్లు, బరువు 600 కిలోలకు అటూఇటూ. నలుగురు పట్టేవారు. ఇరుకే, కాదనను.

ఇప్పటి కారు తలుపు తీసి, అంచు మీద చెయ్యి పెట్టి చూడండి. జానెడుకి కాస్త తక్కువ ఉంటుంది. పక్కనుంచి ఏదైనా గుద్దితే ఆపడానికి లోపల అడ్డంగా ఒక ఉక్కు దూలం. అద్దానికో మోటారు, లాక్‌కో మోటారు, స్పీకరు, వైర్ల కట్ట, బయటి చప్పుడు వినపడకుండా అంటించిన పొరలు. వీటిలో ఏది తీసేద్దాం? దూలం తీసేయమని మాత్రం నేననను. ఇప్పటి మినీ పొడవు 3.8 మీటర్లు దాటింది, బరువు రెట్టింపైంది.

బరువు ఒంటరిగా రాదు, చుట్టాలను వెంటబెట్టుకుని వస్తుంది. బండి బరువెక్కితే ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి. ఆ బ్రేకులు పట్టాలంటే పెద్ద చక్రాలు, వాటికి గట్టి సస్పెన్షన్, అన్నిటినీ లాగడానికి బలమైన ఇంజన్. ఆ ఇంజన్‌ను మోయడానికి మళ్లీ ఇంకాస్త ఉక్కు.

కారు పెరిగినా పేరు మాత్రం పాతదే. 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 3.7 మీటర్లు. తరం తరానికీ ఒళ్లు చేసి ఇప్పుడు 4.28కి వచ్చింది. గోల్ఫ్ కంటే చిన్నదని అమ్మే ఇప్పటి పోలో, ఆ మొదటి గోల్ఫ్ కంటే పొడుగూ వెడల్పూ! పోలో పెరిగి వదిలేసిన చోట్లో 'అప్' అనే బుల్లి కారు పెట్టారు. 2023లో దాన్నీ ఆపేశారు. సేఫ్టీ సామానుకు చిన్న కారుకీ పెద్ద కారుకీ ఇంచుమించు ఒకటే ఖర్చు, లాభం మాత్రం పెద్దదాని మీదే.

ఇక ఎస్‌యూవీలు. పక్కవాడిది పెద్ద బండైతే మనకూ పెద్దదే కావాలనిపిస్తుంది. నేనూ ఆ భయంతోనే ఎత్తు కారు కొన్నాను, దాచుకోవడమెందుకు? లోపలున్నవాడికి ధైర్యం, నడిచేవాడికి టెన్షన్. బానెట్ తక్కువ ఎత్తులో ఉంటే దెబ్బ కాళ్లకు తగిలి, మనిషి బానెట్ మీద పడతాడు. ఎత్తుగా ఉంటే నేరుగా ఛాతీకి, పిల్లలకైతే తలకే. 40 అంగుళాలకు మించి బానెట్ ఉన్న బళ్లు గుద్దితే, 30 అంగుళాలలోపు వాలు బానెట్ ఉన్న వాటికన్నా పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని అమెరికాలోని ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రతా పరిశోధన సంస్థ 2023లో తేల్చింది.

కరెంటు కార్లు కూడా ఈ బరువు లెక్క మార్చలేదు. జీఎంసీ హమ్మర్ ఈవీ 4,100 కిలోలు. అందులో బ్యాటరీ ఒక్కటే రెండు పాత మినీల బరువుంటుంది.

తగ్గించలేమా అంటే, కావాలనుకుంటే కుదురుతుంది. 1989లో మాజ్దా ఎంఎక్స్-5 దాదాపు 950 కిలోలతో మొదలైంది. 2015 నాటి నాలుగో తరం కూడా వెయ్యి దగ్గర్లోనే ఆగింది. ఒక్కో భాగం దగ్గరా గ్రాముల్లో బేరమాడారు. కాకపోతే అది ఇద్దరు కూర్చునే కారు.

యూరప్‌లో కొత్త కార్ల సగటు వెడల్పు 2018లో 177.8 సెంటీమీటర్లు, 2023కి 180.3. పార్కింగ్ గీతలు మాత్రం ఎప్పుడో గీసినవే. తలుపు మందమైనకొద్దీ దిగడానికి ఇంకాస్త ఎక్కువ తెరవాలి, తెరవడానికేమో చోటు తగ్గుతోంది. ఇందాక నేనూ పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకు తిరిగే దిగాను.