తెరను చెవితో వినడం, వేలితో చదవడం

[తెర మీద: ఆపేసి ఉన్న మానిటర్. కీబోర్డు ముందు పొడవాటి సన్నని పరికరం.]

నమస్కారం. చూడకుండా వినేవాళ్ల కోసం, ఈ వీడియోలో కనిపించేదంతా నోటితో కూడా చెబుతాను. మానిటర్ ఆపేశాను. కీబోర్డు ముందున్న పొడవాటి పరికరం బ్రెయిలీ డిస్‌ప్లే. తెర మీది అక్షరాలను వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కలుగా, అంటే బ్రెయిలీగా చూపిస్తుంది.

ముందు స్క్రీన్ రీడర్ సంగతి, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్. అది తెర మీది బొమ్మను చూసి చదవదు. ప్రతి బటన్, ప్రతి లింకు తన పేరేంటో, తనది ఏ రకమో, ఏ స్థితిలో ఉందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియజేస్తుంది. స్క్రీన్ రీడర్ ఆ సమాచారాన్ని పలుకుతుంది. తయారుచేసినవాళ్లు పేరు పెట్టకపోతే "బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. అది పంపే బటనో, చెరిపేసే బటనో ఎలా తెలుస్తుంది? ఒక్క మాట రాయనందుకు ఒక మనిషి పని ఆగిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

విండోస్‌లో నేరేటర్, మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు ముందే ఉంటాయి. లినక్స్‌కు ఓర్కా ఉంది. విండోస్‌లో జాస్ కావాలంటే కొనుక్కోవాలి, ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు.

[శబ్దం: ఎన్‌వీడీఏ ఒక వెబ్ పేజీని గబగబా చదువుతోంది.]

పేజీ అంతా ఇలా వింటూ కూర్చోనక్కర్లేదు. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు వెళ్తారు. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే లింకుల జాబితా వస్తుంది.

ఈ వేగం అలవాటైన చెవికి మామూలే. కానీ "క్యాథరిన్" అన్న ఇంగ్లిష్ పేరు సి తో మొదలైందా, కె తో మొదలైందా? వింటే తెలియదు, అక్షరం అక్షరం చెప్పించుకోవాలి. బ్రెయిలీలో వేలు పెట్టగానే తెలిసిపోతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడులో ఒక వరుస ఎన్ని ఖాళీల తర్వాత మొదలైందో కూడా అంతే.

[తెర మీద: డిస్‌ప్లేకు దగ్గరగా కెమెరా. చుక్కలు లేస్తూ, దిగుతూ ఉన్నాయి.]

ఇప్పుడు చుక్కలు లేచి దిగుతున్నాయి. ఇందులో 40 గడులున్నాయి, ఒక్కో గడిలో 8 చుక్కలు. ప్రతి చుక్క కింద సన్నని పీజో పట్టీ ఉంటుంది. కరెంటు అందగానే అది వంగి చుక్కను పైకి లేపుతుంది. కాగితం మీది బ్రెయిలీకి 6 చుక్కలే. ఇక్కడ అడుగున ఉన్న 7, 8 చుక్కలు కర్సర్ ఎక్కడుందో చూపిస్తాయి. వరుస చివరికి వస్తే పక్కనున్న కీ నొక్కండి, తర్వాతి భాగం వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేవి గడుల పైనున్న ఈ చిన్న బటన్లు. తప్పు అక్షరం వేలికి తగిలిందా, దాని పైనున్న బటన్ నొక్కండి. కర్సర్ సరిగ్గా అక్కడికే వస్తుంది. బాణం కీలతో వెతుక్కోవడం ఉండదు. వినికిడి కూడా లేనివాళ్లు కంప్యూటర్‌ను నడిపేది ఈ ఒక్క వరుసతోనే.

యూఎస్‌బీతో గానీ బ్లూటూత్‌తో గానీ కలపండి. చాలా మోడళ్లను ఎన్‌వీడీఏ తనంతట తానే గుర్తుపడుతుంది. తెలుగు చదవాలంటే ఎన్‌వీడీఏ బ్రెయిలీ సెట్టింగుల్లో అవుట్‌పుట్ టేబుల్‌ను, అంటే ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టికను, తెలుగుకు మార్చుకోండి. మీటింగులో ఎదుటివాళ్ల మాట వింటూ మీ నోట్సు చదువుకోవాలా? ఇన్సర్ట్, ఎస్ కలిపి నొక్కుతూ వెళ్లి మాటను ఆఫ్‌లో పెట్టండి. బ్రెయిలీ మాత్రం అలాగే నడుస్తుంది.