66 మంది మారారట! మరి 19 ఏళ్లు కదలని ఆ ఒక్కడి మాటేంటి?

నమస్తే అండీ. ఇవాళ సోది లేకుండా నేరుగా విషయంలోకి వెళ్లిపోదాం, ఎందుకంటే నాకు నిజంగానే ఒళ్లు మండుతోంది.

'ది ఫాల్' బ్యాండ్ పేరెత్తితే చాలు, అందరూ ఒకటే పాట పాడతారు. మాంచెస్టర్ పోస్ట్-పంక్ బ్యాండ్, అంటే పంక్ తర్వాత వచ్చిన రాక్ ధోరణి. 1976లో మొదలైంది, 2018 జనవరిలో గాయకుడు మార్క్ ఈ స్మిత్ చనిపోవడంతో ఆగిపోయింది. బ్యాండంటే ఆయనే, మిగతా వాళ్లంతా వచ్చారు, పోయారు. లెక్కలు తీసినవాళ్లు 66 మంది అంటారు. స్మిత్ మాట ఒకటి చాలా ఫేమస్ కూడా: నేను పాడుతూ, పక్కన మీ అమ్మమ్మ బొంగోలు (చిన్న జంట డ్రమ్ములు) వాయిస్తున్నా సరే, అది ఫాల్ బ్యాండే!

నేను ఒప్పుకోను. అస్సలు ఒప్పుకోను.

నా మాట ఇది, రాసిపెట్టుకోండి. ఫాల్ గొప్పదైంది మనుషుల్ని మార్చినందుకు కాదు, మారని మనుషులు ఉన్నందుకు. ముఖ్యంగా ఒక్కడు ఉన్నందుకు. స్టీవ్ హ్యాన్లీ, బేస్ గిటార్, అంటే పాట అడుగున లోతైన స్వరాలు పలికే గిటార్. 1979లో వచ్చాడు, 1998 దాకా ఉన్నాడు. 19 ఏళ్లు! ఆ 66 మందిలో చాలామంది ఏడాది కూడా నిలవలేదు. మనమేమో పోయినవాళ్లను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం, ఉన్నవాణ్ని వదిలేశాం.

పాత సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా, మీలో చాలామందికి తెలిసిందే. స్మిత్, మార్టిన్ బ్రామా, ఊనా బెయిన్స్, టోనీ ఫ్రీల్ కలిసి మొదలుపెట్టారు. 1979 పూర్తయ్యేసరికి స్మిత్ తప్ప ముగ్గురూ లేరు. అందరూ కథను ఇక్కడే ఆపేసి 'చూశారా, మొదటి నుంచీ ఇంతే' అంటారు. ఆగండి. ఆ 1979లోనే హ్యాన్లీ వచ్చాడు, అతని స్నేహితుడు క్రెయిగ్ స్కాన్లన్ గిటార్‌తో వచ్చాడు. స్కాన్లన్ 1995 దాకా ఉన్నాడు. అంటే ఇద్దరు స్నేహితులు 16 ఏళ్లు పక్కపక్కన నిలబడి వాయించారు. ఇంతకంటే స్థిరంగా ఉన్న బ్యాండ్లు ఎన్ని ఉన్నాయో చెప్పండి!

ఇప్పుడు ఆ 16 ఏళ్లలో ఏ ఆల్బమ్‌లు వచ్చాయో చూడండి. 1980లో గ్రొటెస్క్. 1982లో హెక్స్ ఎన్‌డక్షన్ అవర్. 1985లో దిస్ నేషన్స్ సేవింగ్ గ్రేస్. 1990లో ఎక్స్‌ట్రికేట్. 1993లో ది ఇన్ఫోటెయిన్‌మెంట్ స్కాన్, అది బ్రిటన్ ఆల్బమ్ చార్టులో 9వ స్థానానికి వెళ్లింది. ఆ బ్యాండ్ జీవితం మొత్తంలో అంతకంటే పైకి వెళ్లలేదు. ఫాల్ అభిమానిని మంచి ఆల్బమ్ చెప్పమనండి, పదింట తొమ్మిది సార్లు ఈ కాలంలోదే చెబుతాడు. ఇది కాకతాళీయమా? కాదు గాక కాదు.

హెక్స్ దగ్గర కాసేపు ఆగాలి, నన్ను ఆపకండి. 1981లో వీళ్లు ఐస్‌లాండ్ వెళ్లారు. అక్కడ ఒక స్టూడియో, గోడలు లావా రాయితో కట్టినవి. అందులో హిప్ ప్రీస్ట్ అనే పాట రికార్డ్ చేశారు. ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్ సినిమా చివర్లో, ఆ హంతకుడి ఇంట్లో వినిపించేది అదే. ఆ పాట ఒకసారి పెట్టుకుని వినండి. దాదాపు ఏమీ జరగదు. గిటార్ ఎక్కడో గీకుతూ ఉంటుంది, స్మిత్ గొణుగుతుంటాడు, అరుస్తాడు, మళ్లీ మాయమవుతాడు. కింద హ్యాన్లీ మాత్రం తొందర పడకుండా అవే కొద్ది స్వరాలు పట్టుకుని నడుస్తాడు. ఆ బేస్ తీసేస్తే మిగిలేది గదిలో ఒక మనిషి తనలో తాను మాట్లాడుకోవడమే. ఆ గొణుగుడును పాటగా నిలబెట్టింది బేస్. నిట్రాట లేని పాక నిలబడుతుందా?

అన్నట్టు ఇంకో ముచ్చట. ఈ ఆల్బమ్‌లో ఇద్దరు డ్రమ్మర్లు ఉంటారు, తెలుసు కదా? అదేదో పెద్ద ప్లాన్ వేసి చేసింది కాదు. స్టీవ్ తమ్ముడు పాల్ హ్యాన్లీ 1980లో డ్రమ్మర్‌గా చేరాడు, అప్పటికి ఇంకా స్కూలు వయసు కుర్రాడు. 1981లో అమెరికా టూర్ వచ్చింది, పిల్లాడికి వీసా రాలేదు. దాంతో పాత డ్రమ్మర్ కార్ల్ బర్న్స్‌ను మళ్లీ పిలిచారు. తిరిగొచ్చాక ఇద్దర్నీ ఉంచేశారు! అంత భారీ సౌండ్ వెనక ఉన్నది ఒక వీసా గొడవ. నాకు ఈ కథ అంటే ప్రాణం. ఇద్దరు డ్రమ్మర్లు కలిసి దంచుతుంటే, మధ్యలో దారి తప్పకుండా పట్టుకుంది ఎవరు? మళ్లీ ఆ పెద్ద హ్యాన్లీయే.

మరి స్మిత్ గొప్పవాడు కాదా అంటారు. గొప్పవాడే! ఆ మాటలు, ఆ గొంతు ఇంకెవరికీ రావు. సాల్‌ఫర్డ్ రేవులో గుమాస్తాగా పనిచేసిన కుర్రాడు అలాంటి భాష రాయడం మామూలు విషయం కాదు. కానీ స్టేజి మీద ఆయన చేసింది కూడా చూడండి. పాట మధ్యలో నడుచుకుంటూ వెళ్లి పక్కవాడి ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) నాబ్ తిప్పేసేవాడు. మైక్ తీసుకెళ్లి బాస్ డ్రమ్‌లో పెట్టేవాడు. కీబోర్డ్ మీద చెయ్యి వేసి నాలుగు నొక్కులు నొక్కేవాడు. అభిమానులు దాన్ని మేధావితనం అంటారు. అదే సమయంలో సౌండ్ మారిపోయినా, స్టేజి మీది స్పీకర్ ఆగిపోయినా పాటను చివరిదాకా మోసినవాడి పేరు ఎవరూ ఎత్తరు. సొమ్మొకడిది, సోకొకడిది!

బీబీసీ రేడియోలో డీజే జాన్ పీల్ ఈ బ్యాండ్‌కు 24 సెషన్లు (తన షో కోసం ప్రత్యేక రికార్డింగ్‌లు) ఇచ్చాడు, 1978 నుంచి 2004 దాకా. ఫాల్ గురించి ఆయన ఏమన్నాడు? వాళ్లు ఎప్పుడూ వేరుగా ఉంటారు, ఎప్పుడూ ఒకేలా ఉంటారు. దీన్ని అందరూ స్మిత్‌కు వేసిన దండ అనుకుంటారు. నేను వేరేలా వింటాను. వేరుగా అనిపించింది వచ్చీపోయే వాళ్ల వల్ల. 1983లో వచ్చిన గిటారిస్ట్ బ్రిక్స్ స్మిత్ (అప్పటి స్మిత్ భార్య) ట్యూన్లు తెచ్చింది, మెరుపు తెచ్చింది, 1988లో మైకేల్ క్లార్క్ బ్యాలేలో పెద్ద హాంబర్గర్ బొమ్మ మీద కూర్చుని గిటార్ వాయించింది! ఒకేలా అనిపించింది మాత్రం ఆ బేస్ వల్ల.

నా మాట నమ్మరా? సరే, స్మిత్ మాట నమ్ముతారా? ఒక ఇంటర్వ్యూలో ఆయనే అన్నాడు, ఫాల్‌లో అన్నిటికంటే ఒరిజినల్ స్టీవేనని, ఏం వాయించాలో అతనికి చెప్పక్కర్లేదని, ఫాల్ సౌండ్ అంటే అతనేనని. ఆయన నోటితో ఆయనే! అమ్మమ్మ బొంగోల మాట అందరికీ నోటికి వచ్చు, ఈ మాట ఎంతమందికి తెలుసు?

1998 ఏప్రిల్, న్యూయార్క్, బ్రౌనీస్ అనే క్లబ్. స్టేజి మీదే గొడవ, కొట్టుకున్నారు. హ్యాన్లీ, బర్న్స్, గిటారిస్ట్ టామీ క్రుక్స్ వెళ్లిపోయారు. 19 ఏళ్లు అలా ముగిశాయి. తర్వాత హ్యాన్లీ ఒక స్కూల్లో కేర్‌టేకర్‌గా పనిచేశాడు. ఈ ముక్క చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది, నిజం చెబుతున్నా. వందకు పైగా పాటల్లో పేరున్న మనిషండీ!

1998 తర్వాత మంచి ఆల్బమ్‌లు లేవా అంటే ఉన్నాయి. కానీ 2006లో అమెరికా టూర్ మధ్యలో మళ్లీ ముగ్గురు వెళ్లిపోయారు, స్మిత్ అక్కడి కుర్రాళ్లతో టూర్ లాగించాడు. ఆ తర్వాత ఏమైంది? పీట్ గ్రీన్‌వే, డేవ్ స్పర్, కీరన్ మెల్లింగ్ వచ్చారు, 2017లో చివరి ఆల్బమ్ దాకా దాదాపు పదేళ్లు ఉండిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చుని పాడిన స్మిత్ వెనక నిలబడింది కూడా వాళ్లే. చివరికి ఆయనకూ కావలసి వచ్చింది మారని మనుషులే.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. బ్రామా, ఇద్దరు హ్యాన్లీలు, పాత ఫాల్ డ్రమ్మర్ సైమన్ వుల్‌స్టెన్‌క్రాఫ్ట్, గ్రీన్‌వే కలిసి 'హౌస్ ఆఫ్ ఆల్' అని బ్యాండ్ పెట్టారు, 2023లో ఆల్బమ్ తెచ్చారు. స్మిత్ కుటుంబం అభ్యంతరం చెప్పింది, జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారని. కుటుంబం బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఎవరిని ఎవరు తప్పుదోవ పట్టిస్తున్నారు? వాళ్లు ఫాల్ పేరు పెట్టుకోలేదు, స్మిత్ పాటలు పాడలేదు, సొంత పాటలే చేశారు. ఆ బేస్ ఫాల్‌లా వినిపిస్తోందంటే, అది వాయించిన చేతులే మళ్లీ వాయిస్తున్నాయి కాబట్టి! తన వాయించే తీరును ఆ మనిషి ఎక్కడ దాచుకోవాలి?

ఈ వీడియో అయ్యాక హెక్స్ పెట్టండి. హెడ్‌ఫోన్స్‌తోనే వినండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ దొరకదు. స్మిత్ గొంతును కాసేపు పక్కన పెట్టి కింద నడిచేదాన్ని మాత్రమే పట్టుకోండి. ఆ తర్వాత కూడా 'మీ అమ్మమ్మ ఉన్నా ఫాల్ బ్యాండే' అని ఎవరైనా అంటే రండి, లైవ్‌లో కూర్చుని తేల్చుకుందాం.