ముందు మోటార్, చివర బోర్డు

శ్రోతలకు నమస్కారం. మైక్రోకంట్రోలర్‌తో, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న చిప్పుతో, చిన్న చిన్న ఆటోమేషన్ పనులు సొంతంగా చేసుకోవాలన్న ఆసక్తి ఇప్పుడు చాలామందిలో కనిపిస్తోంది. కుండీలో మట్టి ఆరగానే పంపు దానంతటదే తిరగడం, చీకటి పడగానే లైటు వెలగడం లాంటివి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది, ఏ బోర్డు కొనాలని. నన్నడిగితే అది చిట్టచివర తేల్చుకోవలసిన సంగతి. ఆ బోర్డుతో ఏం నడపబోతున్నాం, దానికి ఎంత కరెంటు కావాలి అన్నది ముందు చూసుకోవాలి.

కుండీలకు నీళ్లు పోసే పంపునే తీసుకుందాం. 12 వోల్టుల చిన్న మోటార్, తిరుగుతున్నప్పుడు 1 ఆంపియర్ లాగుతుందనుకోండి. ఆగి ఉన్న మోటార్ కదిలే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. ఆర్డుయినో యూనో ఆర్3 అనే బోర్డులో ఒక్కో పిన్ను నుంచి నిశ్చింతగా తీసుకోగలిగింది 20 మిల్లీ ఆంపియర్లే. 40 అన్నది చిప్పు తట్టుకునే ఆఖరి హద్దు. కాబట్టి మధ్యలో స్విచ్చులా పనిచేసే మాస్‌ఫెట్ ఒకటి ఉండాల్సిందే.

చాలామంది పొరపడేది ఇక్కడే. పేర్లు రాసుకోవాలంటే కాగితం దగ్గర పెట్టుకోండి. ఐఆర్ఎఫ్ 540ఎన్ అనే మాస్‌ఫెట్ విరివిగా దొరుకుతుంది. దాని డేటాషీట్‌లో, అంటే కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో, థ్రెషోల్డ్ వోల్టేజ్ 2 నుంచి 4 వోల్టులని ఉంటుంది. మన బోర్డు 5 వోల్టులిస్తుంది కదా, సరిపోతుందిలే అనిపిస్తుంది. అదే వరుసలో పక్కకు చూడండి. ఆ అంకెను 250 మైక్రో ఆంపియర్ల దగ్గర కొలిచారు. అంటే తలుపు ఓరగా తెరుచుకోవడం మొదలైందన్నమాట, అంతే. పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎంత నిరోధం ఉంటుందో చెప్పే ఆర్‌డీఎస్ ఆన్ విలువను గేటుకు, అంటే బోర్డు సిగ్నల్ అందుకునే కాలికి, 10 వోల్టులిచ్చి కొలిచారు. 5 వోల్టులకు కంపెనీ ఆ హామీ ఇవ్వలేదు. అరకొరగా తెరుచుకున్న మాస్‌ఫెట్ వేడెక్కి మాడిపోతుంది. కోడ్‌లో తప్పేమైనా ఉందేమోనని మనం రాత్రంతా వెతుక్కుంటూ కూర్చుంటాం.

5 వోల్టుల బోర్డుకు ఐఆర్ఎల్‌జెడ్ 44ఎన్ తీసుకోండి. దాని డేటాషీట్‌లో 5 వోల్టుల దగ్గరి విలువ కూడా ఉంది. వైఫై ఉన్న 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 బోర్డు అయితే 2.5 వోల్టులకు కూడా విలువ ఇచ్చిన ఏఓ3400 లాంటిది కావాలి. అది మరీ చిన్నది, టంకం వేయడానికి కాస్త ఓపిక పట్టాలి. ఏ భాగమైనా సరే, డేటాషీట్‌లో అంకెతో పాటు దాన్ని ఏ పరిస్థితిలో కొలిచారో కూడా చదవడం అలవాటు చేసుకోండి.

మోటార్ ఆపగానే దాని కాయిల్ నుంచి పెద్ద వోల్టేజ్ ఎదురు తన్నుతుంది. అందుకని మోటార్ రెండు కొసల మధ్య, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి వేయాలి, గీత ఉన్న వైపు ప్లస్‌కు కలపాలి. దీన్ని మాత్రం మానేయకండి.

ఇక సప్లై. 1 ఆంపియర్ మోటార్‌కు 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే కాలిపోతుందేమో అన్న భయం అక్కర్లేదు. మోటార్ తనకు కావలసినంతే లాగుతుంది. సరిగ్గా సరిపోవలసింది వోల్టేజ్, కరెంటు ఎక్కువున్నా ఇబ్బంది లేదు. అదే 12 వోల్టుల నుంచి బోర్డుకు 5 వోల్టులు తీయడానికి 7805 అనే వోల్టేజ్ రెగ్యులేటర్ చిప్పు వాడితే, అర ఆంపియర్ దగ్గర మూడున్నర వాట్లు వట్టి వేడిగా పోతాయి. వోల్టేజ్ తగ్గించే మరో రకం సర్క్యూట్, బక్ కన్వర్టర్ అయితే ఆ బాధ తక్కువ. ఈఎస్‌పీ32 వైఫై వాడుతున్నప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, అర ఆంపియర్ ఇవ్వలేని సప్లైతో బోర్డు మాటిమాటికీ రీసెట్ అవుతుంది.

మట్టి తేమ సెన్సర్లలో రెండు లోహపు కాళ్లతో ఉండేవి చవకే. కానీ తడి మట్టిలో కరెంటు పారుతుంటే ఆ లోహం అరిగిపోతుంది. లోహం మట్టికి తగలకుండానే తేమను కొలిచే కెపాసిటివ్ రకం మేలు.

ఇప్పుడు బోర్డు సంగతి. సెన్సర్‌కు ఒక అనలాగ్ పిన్ను, మాస్‌ఫెట్‌కు ఒక డిజిటల్ పిన్ను. ఫోన్‌లో చూసుకునే అవసరం లేకపోతే యూనో చాలు. కావాలనుకుంటే ఈఎస్‌పీ32 తీసుకోండి, కాకపోతే దాని పిన్నులకు 5 వోల్టుల సిగ్నల్ నేరుగా ఇవ్వకండి.