ఐ3 కొత్త వెర్షన్ వస్తే ఏం మారుతుంది? – చర్చ

యాంకర్: నమస్కారం. లైనక్స్‌లో తెర మీద విండోలను అమర్చే ప్రోగ్రామ్‌ను విండో మేనేజర్ అంటారు. వాటిలో టైలింగ్ రకంలో విండోలను మౌస్‌తో లాగి సర్దుకునే పని ఉండదు. కొత్త విండో తెరవగానే తెర దానంతటదే పంచుకుపోతుంది, మిగతాదంతా కీబోర్డుతోనే. వీటిలో బాగా పేరున్నది ఐ3. 2023 జనవరిలో దాని 4.22 వెర్షన్, అదే ఏడు అక్టోబరులో 4.23, 2024 నవంబరులో 4.24 వచ్చాయి. స్టూడియోలో సర్వర్లు చూసుకునే అడ్మిన్ గారు, ఒక లైనక్స్ డిస్ట్రోకి, అంటే ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చే లైనక్స్ కట్టకి, ప్యాకేజీలు చేసే మెయింటైనర్ గారు, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ గారు ఉన్నారు. అడ్మిన్ గారూ, ఇంత నెమ్మదిగా సాగే ప్రాజెక్టు బతికున్నట్టేనా?

అడ్మిన్: నిక్షేపంలా ఉందండీ. నెమ్మదిగా ఉంది కాబట్టే వాడుతున్నాను. మైకేల్ స్టాపెల్‌బర్గ్ దీన్ని 2009లో మొదలుపెట్టారు. 2011లో 4.0 వచ్చినప్పుడు విండోల అమరికనంతా చెట్టు నిర్మాణంలో తిరగరాశారు. సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు రాసే పద్ధతీ మారింది, పాత ఫైలును కొత్తదానికి మార్చే స్క్రిప్టు కూడా వాళ్లే ఇచ్చారు. అప్పటినుంచి ముందున్న ఆ 4 అలాగే ఉంది.

లెక్చరర్: మీకు నచ్చుతుంది సర్, మా పిల్లలకి నచ్చదు. వాళ్లకి విండోల మధ్య సందులు కావాలి, గుండ్రటి మూలలు కావాలి, యానిమేషన్ కావాలి.

మెయింటైనర్: ఆ సందుల కథ చెప్పాలి. చాలా ఏళ్లు అసలు ఐ3లో అవి లేవు. అవి కావాలనుకున్నవాళ్లు ఐ3-గ్యాప్స్ అనే ఫోర్క్, అంటే ఐ3 కోడ్ తీసుకుని విడిగా నడిపే ప్రాజెక్టు, వాడేవారు. దాన్ని నడిపిన ఇంగో బ్యుర్క్ అసలు ఐ3 మెయింటైనర్లలో కూడా ఒకరు. గొడవ పడి విడిపోయిన ఫోర్క్ కాదన్నమాట. చివరికి 4.22లో ఆ సౌకర్యం అసలు ఐ3లోకే వచ్చేసింది. ఒక ఫోర్క్ ఇలా ఇంటికి తిరిగి రావడం మా లోకంలో అరుదు. మాకు రెండు ప్యాకేజీల చాకిరీ తప్పింది.

యాంకర్: అంటే పెద్ద వార్త అదే?

మెయింటైనర్: యూజర్‌కి అదే. ఇంకోటి, దాని ముందరి 4.21లో టైల్ అయిన విండోను మౌస్‌తో పట్టుకుని లాగే వీలు వచ్చింది. కీబోర్డు భక్తులు కొంచెం మూతి ముడిచారనుకోండి.

అడ్మిన్: నేను ముడవలేదు! నాకు ముఖ్యమైంది వేరే ఉంది. కొత్త ఐ3 ఇన్‌స్టాల్ చేశాక లాగౌట్ అక్కర్లేదు. మాడ్ (ఐ3 కోసం మనం ఎంచుకున్న కీ), షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే ఐ3 ఉన్నచోటే రీస్టార్ట్ అవుతుంది. తెరిచిన టెర్మినళ్లు, వాటి అమరిక ఎక్కడివక్కడే ఉంటాయి. ఐ3 నడిచేది ఎక్స్11 అనే పాత డిస్‌ప్లే వ్యవస్థ మీద. అందులో విండో మేనేజర్ మామూలు ప్రోగ్రామే, తెరను నడిపే సర్వర్ వేరు. మేనేజర్ పడిపోయినా విండోలు పోవు.

యాంకర్: మరి ఎక్స్11 బదులుగా వచ్చిన వేలాండ్‌లో?

మెయింటైనర్: అక్కడ రెండూ ఒకటే. వేలాండ్‌లో ఐ3 లాంటిది స్వే ఉంది కదా, డ్రూ డీవాల్ట్ మొదలుపెట్టింది, 2019 మార్చిలో 1.0 వచ్చింది. ఐ3 కాన్ఫిగ్‌ను దాదాపు అలాగే చదువుతుంది. కానీ అదే డిస్‌ప్లే సర్వర్ కూడా కాబట్టి, అది కూలితే తెర మీదున్నవన్నీ పోయినట్టే. కాన్ఫిగ్ మారిస్తే రీలోడ్ చాలు. కొత్త వెర్షన్ నడవాలంటే మాత్రం లాగౌట్ అయి రావాల్సిందే.

అడ్మిన్: అందుకే నేను మారలేదు.

మెయింటైనర్: మీరు మారకపోతే నష్టం మీదే సర్. ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్ పక్క ప్రోగ్రామ్‌లో మీరు కొట్టే కీలన్నీ వినగలదు, పాస్‌వర్డుతో సహా. సర్వర్లు చూసుకునే మీకు నేను చెప్పాలా?

అడ్మిన్: (నవ్వుతూ) ఆ ఒక్కదానికి నా దగ్గర జవాబు లేదు.

యాంకర్: లెక్చరర్ గారూ, పిల్లలు అసలేం వాడుతున్నారు?

లెక్చరర్: హైప్‌ల్యాండ్, మేడం. అదీ వేలాండ్‌దే. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ వెర్షన్ మారితే టెన్షన్. 2024లో నీడలకు సంబంధించిన సెట్టింగులన్నీ వేరే చోటికి మార్చారు. పాత ఫైలు పెట్టుకున్నవాళ్లకి తెర పైన ఎర్ర పట్టీతో ఎర్రర్లు. అదే ఏడు స్వే కూడా వాడే డబ్ల్యూఎల్‌రూట్స్ అనే లైబ్రరీని వదిలేసి సొంత లైబ్రరీకి వెళ్లారు. కుర్రాళ్లకి అదొక సరదా. నాకు ముప్పై మంది ల్యాబ్‌లో అది సరదా కాదు.

మెయింటైనర్: అటు చివర డీడబ్ల్యూఎం, ఎక్స్11లో నడిచే ఇంకో విండో మేనేజర్. కోడ్ రెండు వేల లైన్లు దాటకూడదని వాళ్ల నియమం. కాన్ఫిగ్ ఫైలే ఉండదు, హెడర్ ఫైలు మార్చి కంపైల్ చేసుకోవాలి.

లెక్చరర్: దాంట్లో మనకొక చిక్కుంది, ఎవరూ చెప్పరు. డీడబ్ల్యూఎం తన పై పట్టీలో అక్షరాలకు ఎక్స్ఎఫ్‌టీ అనే లైబ్రరీ వాడుతుంది. దానికి అక్షరాలను కలిపి పేర్చడం రాదు. తెలుగు పేజీ తెరిస్తే పైన టైటిల్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. ఐ3లో ఫాంట్ లైన్‌లో పాంగో అని, అక్షరాలను పేర్చడం వచ్చిన లైబ్రరీ పేరు, పెడితే చాలు, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

యాంకర్: తెలుగు టైపింగ్ సంగతి?

లెక్చరర్: స్వేలో కాన్ఫిగ్‌లోనే రెండు లైన్లు. లేఅవుట్‌కి యూఎస్, ఇన్ అని, వేరియంట్‌కి ముందు కామా పెట్టి టెల్ అని. ఐ3లో సెట్ఎక్స్‌కేబీమ్యాప్ కమాండు.

యాంకర్: ఎన్‌విడియా కార్డుల మీద కూడా చాలామంది అడుగుతున్నారు.

మెయింటైనర్: (నవ్వు) ఎన్‌విడియా సొంత డ్రైవర్‌తో స్వే నడపాలంటే, ‘నా తర్వాతి గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియా కాదు’ అని అర్థమొచ్చే ఫ్లాగ్ (కమాండుకు చివర చేర్చే మాట) కొట్టాల్సి వచ్చేది. స్వే 1.7లో దాన్ని ‘మద్దతు లేని జీపీయూ’ అని మర్యాదగా మార్చారు. అభిప్రాయం మాత్రం మారలేదు.

యాంకర్: డిస్ట్రోల్లో ఇవన్నీ ఎప్పుడొస్తాయి?

మెయింటైనర్: డెబియన్ అనే డిస్ట్రో 12వ వెర్షన్‌లో ఐ3 4.22 ఉంది, 13లో 4.24. డెబియన్ స్టేబుల్, అంటే స్థిరమైన విడుదల, వాడేవాళ్లు 4.23 మొహమే చూడలేదు. ఏదైనా తగ్గిందని ఒక్కరూ నాతో అనలేదు.

అడ్మిన్: నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే కదండీ.

యాంకర్: లెక్చరర్ గారూ, వచ్చే సెమిస్టర్‌కి ల్యాబ్‌లో ఏం పెడుతున్నారు?

లెక్చరర్: డెబియన్ 13, ఐ3. స్వే ఒక్క మెషీన్‌లో పెడతాను, ఎన్‌విడియా కార్డు లేనిదాంట్లో.