కింది గొంతును పట్టుకోండి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నలుగురు గాయకుల గురించి చెబుతాను. నలుగురే. పక్కన వాయిద్యం లేదు. చేయి ఊపి నడిపించే కండక్టర్ లేరు. శ్రుతిపెట్టె కూడా లేదు. ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా కాస్త వంపుగా నిలబడతారు. ఒకరు ఊపిరి తీసుకుంటారు. అది చూసి మిగిలిన ముగ్గురూ తీసుకుంటారు. అంతే, పాట మొదలైపోతుంది.

ఆ బృందం పేరు హిలియర్డ్ ఎన్‌సాంబుల్. 1974లో ఇంగ్లండులో మొదలైంది. పదహారో శతాబ్దంలో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో అరచేతిలో పట్టేంత చిన్న చిత్తరువులు గీసిన నికొలస్ హిలియర్డ్ అనే చిత్రకారుడి పేరు పెట్టుకున్నారు. 2014 డిసెంబరు 20న లండన్‌లోని విగ్మోర్ హాల్లో చివరి కచేరీ చేసి, ఇక చాలన్నారు. ఆ నలభై ఏళ్ళలో మనుషులు మారుతూ వచ్చారు. పై స్థాయిలో పాడే డేవిడ్ జేమ్స్ మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉన్నారు. మగవాడు ఆడ గొంతు స్థాయిలో పాడితే ఆ గొంతును కౌంటర్ టెనర్ అంటారు. ఆయనది ఆ గొంతు.

వీళ్ళు ఏం పాడేవారు? ఎనిమిది వందల ఏళ్ళ నాటి పాటలు పాడేవారు. లేదంటే ఇంకా సిరా తడి ఆరని కొత్త పాటలు పాడేవారు. మధ్యలో మొత్సార్ట్, బీతోవెన్ల కాలం జోలికి పెద్దగా పోలేదు. బాగా పాతది, బాగా కొత్తది. ఈ రెండూ ఒకే బృందానికి ఎలా కుదిరాయి?

నాకు తోచిన కారణం వాళ్ళ గొంతు. ఒపేరా పాడేవాళ్ళ గొంతు పెద్ద వాద్యబృందాన్ని దాటి హాల్లో చివరి వరస దాకా వెళ్ళాలి. అందుకు తగ్గట్టు గొంతు పెద్దదవుతుంది, స్వరం అలలా ఊగుతుంది. ఆ పాటకు ఆ గొంతే అందం. కానీ నలుగురు కలిసి పాడేచోట నాలుగు గొంతులూ అలా ఊగుతుంటే శ్రుతి ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? అందుకని వీళ్ళు స్వరాన్ని నిటారుగా నిలబెట్టి పాడతారు. గీత గీసినట్టుంటుంది. పాత పాటకు కావలసింది అదే. ఈ కాలపు స్వరకర్తలు చాలామంది వెతుకుతున్న గొంతు కూడా అదే.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

మంచి తంబుర మీటుతుంటే కాసేపు చెవి పెట్టి వినండి. తీగలు పలికేది పంచమం, షడ్జమం మాత్రమే. గాంధారానికి తీగ లేదు. అయినా గాంధారం వినిపిస్తుంది. ఎవరూ మీటకుండా దానంతట అదే పుడుతుంది కాబట్టి మనవాళ్ళు దాన్ని స్వయంభువు అన్నారు. ఇప్పుడు ఆ గాంధారాన్ని కీబోర్డు మీది గాంధారంతో పోల్చి చూడండి. కీబోర్డుది కాస్త పైన ఉంటుంది. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని ఏడు భాగాలు చేస్తే, అందులో ఒక భాగమంత పైన. కొంచెమే. కానీ నాలుగు గొంతులు కలిసినప్పుడు ఆ కొంచెమే పాటను నిలబెడుతుంది, లేదా పాడుచేస్తుంది.

కీబోర్డు మెట్టు దాని చోటు నుంచి కదలదు. గొంతు కదులుతుంది. అందుకే ఏ వాయిద్యమూ లేని ఈ నలుగురూ తంబురలో పుట్టే ఆ గాంధారం దగ్గరికి దిగగలరు. పదహారో శతాబ్దం పాటల్లో అక్కడికే దిగుతారు. పన్నెండో శతాబ్దం పాటల్లో మాత్రం దిగరు. ఆ రోజుల్లో, అలాంటి పాటలు పుట్టిన పారిస్‌లో, గాంధారాన్ని స్థిమితంగా కూర్చునే స్వరంగా చూడలేదు. దాన్ని ఇంకా పైకి, కీబోర్డు గాంధారం కన్నా పైకి జరిపి పాడే లెక్క ఉండేది. పాట వచ్చి ఆగేది షడ్జమ పంచమాల మీదే. అంటే ఈ నలుగురూ శతాబ్దాన్ని బట్టి గాంధారం చోటు మార్చుకోవాలి. ఇంత సూక్ష్మం మన విద్వాంసులకు కొత్త కాదు, రాగాన్ని బట్టి వాళ్ళు చేసే పనే. అయితే ఇక్కడ నలుగురూ ఒకే క్షణంలో చేయాలి. బృందంలో టెనర్, అంటే మామూలు మగ గొంతుల్లో పై గొంతు, పాడిన రోజర్స్ కవీ క్రంప్‌కు ఈ శ్రుతి లెక్కల్లో లోతైన పరిజ్ఞానం ఉంది. ఆయన పాట వింటే అది తెలుస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న కథకు వస్తాను.

జర్మనీలో ఈసీఎం అనే రికార్డుల సంస్థ ఉంది. దాన్ని నడిపే మన్‌ఫ్రెడ్ ఐకర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఈ నలుగురి పక్కన ఒక జాజ్ వాద్యకారుణ్ణి నిలబెడితే ఎలా ఉంటుంది? ఆయన ఎంచుకున్నది నార్వేకు చెందిన యాన్ గార్బారెక్‌ని. గార్బారెక్ సాక్సోఫోన్ వాయిస్తారు. మన హరిప్రసాద్ చౌరాసియాతో, జాకిర్ హుస్సేన్‌తో కూడా కలిసి వాయించిన మనిషి. సాక్సోఫోన్ అనగానే మనకు కద్రి గోపాల్‌నాథ్ గుర్తొస్తారు. ఆయన సాక్సోఫోన్ గమకాలతో పాడేది. గార్బారెక్ సాక్సోఫోన్ అలా ఉండదు. ఒక్కో స్వరాన్ని పొడవుగా లాగి, దూరం నుంచి ఎవరినో పిలుస్తున్నట్టు పలుకుతుంది.

1993 సెప్టెంబరులో ఈ ఐదుగురూ ఆస్ట్రియా కొండల్లో సెయింట్ గెరోల్డ్ అనే మఠంలో కలిశారు. గాయకుల చేతిలో రాసిపెట్టిన పాట ఉంది. వందల ఏళ్ళ నాడు రాసిన స్వరాలు, ఒక్కటి కూడా మార్చడానికి లేదు. గార్బారెక్ చేతిలో ఏమీ లేదు. ఆయనది మనోధర్మం. పాడేవాళ్ళు పాడుతుంటే, ఎక్కడ చొరబడాలో, ఎక్కడ ఊరుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఆ రికార్డు పేరు అఫీషియమ్. 1994లో వచ్చింది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. లాటిన్ ప్రార్థనల రికార్డు పది లక్షలు!

అందులో మొదటి పాట, స్పెయిన్ స్వరకర్త క్రిస్తోబల్ ద మొరాలెస్‌ది. సెవిల్ ఊరివాడు, 1500 ప్రాంతంలో పుట్టాడు. రోములో పోపుగారి గాయక బృందంలో పదేళ్ళు పాడాడు. పాట పేరు పార్సె మిహి దోమినె. చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలోది. మాటలు బైబిల్లో యోబు గ్రంథం ఏడో అధ్యాయంలోవి. ఆస్తి పోయి, బిడ్డలు పోయి, ఒళ్ళంతా పుండ్లయిన మనిషి దేవుడితో అంటున్న మాటలు. నన్ను వదిలిపెట్టు ప్రభూ, నా రోజులు ఏపాటివి? మనిషి ఎంతటివాడని అతన్ని ఇంతగా పట్టించుకుంటావు? నా తప్పు ఎందుకు క్షమించవు? ఇదిగో, నేను మట్టిలో పడుకోబోతున్నాను. తెల్లవారి నువ్వు వెతికితే నేను ఉండను.

ఈ మాటలకు మొరాలెస్ ఏం చేశాడు? దాదాపు ఏమీ చేయలేదు. అదే అతని గొప్పతనం. నలుగురూ ఒకే అక్షరాన్ని ఒకేసారి పలుకుతారు. పరుగులు లేవు, అల్లికలు లేవు, ఎవరి ప్రతాపమూ లేదు. అక్షరం వెంట అక్షరం, మెల్లగా. యోబు కేకలు వేయడు. కేకలు వేసే ఓపిక లేని మనిషి మాట్లాడినట్టే ఉంటుంది.

ఆ నాలుగు గొంతుల మీదికి సాక్సోఫోన్ వస్తుంది. ఒకసారి వాళ్ళ మధ్యకు చేరి ఐదో గొంతు అవుతుంది. ఒకసారి వాళ్ళను వదిలి చర్చి కప్పు దాకా ఎగుస్తుంది. రాతి గోడల మీద ప్రతిధ్వని ఆరకముందే కింద గొంతులు మరో అక్షరం అందుకుంటాయి. దేవుడితో ఆ మనిషి అడగలేకపోయిన మిగతా మాటల్ని ఆ సాక్సోఫోన్ అడుగుతోందని నాకు అనిపిస్తుంది. పాత సంగీతం తెలిసిన కొందరికి ఇది నచ్చలేదు. చక్కగా ఉన్న పాట మీద ఇదెందుకు అన్నారు. వాళ్ళ మాటను నేను కొట్టిపారేయను. ఎందుకంటే ఇదే రికార్డులో ఇదే పాట మూడుసార్లు ఉంది. మొదట ఒకసారి, చివర ఒకసారి సాక్సోఫోన్‌తో. నడుమ ఎనిమిదో పాటగా, ఉత్త గొంతులతో. నాకు ఆ ఎనిమిదోదే ఎక్కువ ఇష్టం. అది ఐదున్నర నిమిషాలుంటుంది. సాక్సోఫోన్ ఉన్నది దానికన్నా నిమిషం ఎక్కువ. స్వరాలు అవే, మాటలు అవే. ఆ అదనపు నిమిషం ఎక్కడెక్కడ ఉందో విని పట్టుకోవడం మంచి కాలక్షేపం.

కొత్త పాటల గురించి రెండు ముక్కలు. ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పేర్ట్ పాటలను లోకానికి చేర్చినవాళ్ళలో ఈ బృందం ముందుంటుంది. పేర్ట్ పద్ధతి మన భాషలో చెప్పడం తేలిక. ఒక గొంతు మెట్టు మెట్టుగా నడుస్తుంది. దాని పక్కన ఇంకో గొంతు స గ ప ఈ మూడు స్వరాల్లోనే తిరుగుతుంది. గాంధారం శ్రుతిలో లేకపోతే ఆ పాట నిలబడదు. అందుకే ఆయనకు వీళ్ళు కుదిరారు. ఇంగ్లండు స్వరకర్త గావిన్ బ్రయర్స్‌కు సౌండ్ ఇంజనీరు అయిన మిత్రుడొకరు ఉండేవారు. 1988 డిసెంబరులో స్కాట్లండులోని లాకర్బీ ఊరి మీద విమానం పేలినప్పుడు ఆయన చనిపోయారు. ఆ మిత్రుడి కోసం బ్రయర్స్ రాసిన కాడ్మన్ రెక్వియమ్ ఈ గొంతుల కోసమే రాసింది. నాలుగు గొంతుల కింద మంద్రంలో పలికే తీగ వాద్యాలు ఉంటాయి. మొరాలెస్ నుంచి దానికి నాలుగున్నర శతాబ్దాల దూరం. పని మాత్రం ఒకటే, పోయిన మనిషి కోసం పాడటం.

సమయం అయిపోవస్తోంది. మీరు ఇంటికెళ్ళి వినాలనుకుంటే ఎలా వినాలో ఒక్క మాట చెబుతాను.

మనం ఒక పాటకు ఒకే రాగధార వినడం అలవాటైనవాళ్ళం. నాలుగు గొంతులు వినిపిస్తే మన చెవి తిన్నగా పై గొంతు దగ్గరికి పోతుంది. అప్పుడు మిగతా మూడూ పక్క వాద్యాలైపోతాయి. పాటలో ముప్పావు వంతు చేజారిపోతుంది. అందుకని పై గొంతును వదిలేయండి. కింది గొంతును పట్టుకోండి. ఫోన్ స్పీకర్లో పెట్టి వినకండి, దానిలో కింది స్వరాలు సరిగా పలకవు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందుగా ఎనిమిదో పాట, సాక్సోఫోన్ లేనిది వినండి. అందులో నలుగురూ ఒకే అక్షరం మీద ఉంటారు కాబట్టి కింది గొంతు తప్పిపోదు. రెండోసారి వినేటప్పుడు దానితో పాటు మీరూ మెల్లగా కూనిరాగం తీయండి. నోరు మూసుకుని తీసినా సరే. కింద మీరు నిలబడగానే, పైన ఉన్న మూడు గొంతులూ దేనికవి విడివిడిగా వినిపించడం మొదలవుతుంది.

అది కుదిరాక సాక్సోఫోన్‌తో ఉన్న మొదటి పాటకు రండి. ఆ తర్వాత పెరోటిన్ అనే పాత స్వరకర్త పాట ఇదే బృందం పాడింది, అది వినండి. 1200 ప్రాంతంలో పారిస్ నోత్ర్ దామ్ చర్చిలో క్రిస్మస్ రోజున పాడటానికి అతను చేసిన విదెరుంత్ ఓమ్నెస్ అనే పాట. నాలుగు గొంతులే. మొదటి మాటలోని మొదటి అక్షరం మీద కింది గొంతు ఎంతోసేపు కదలకుండా ఉంటుంది. పై మూడు గొంతులూ దాని చుట్టూ గిరగిర తిరుగుతాయి. అక్కడ మీరు కింది గొంతును పట్టుకోవడం ఇంకా తేలిక. సెలవు.