కౌంటరుకు అటూ ఇటూ

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళకి ప్రభుత్వ ఆఫీసంటే మూడు భాషల వ్యవహారం. ఇంట్లో తెలుగు, దరఖాస్తు మీద ఒడియా, కంప్యూటర్లో ఇంగ్లీషు. కొండ దిగి వచ్చే సవర గిరిజనులకైతే నాలుగు. ఇక ఆ వచ్చిన మనిషికి చెవులు వినపడకపోతే? మాట తిన్నగా రాకపోతే? సరిగ్గా అలాంటివాళ్ళ కోసమే పెట్టిన ఆఫీసులో నేను 26 ఏళ్ళు పని చేశాను. వికలాంగుల సర్టిఫికెట్లు, ఇక్కడ మనమంతా ‘బత్తా’ అని పిలుచుకునే పింఛను, మూడు చక్రాల బళ్ళు, చెవి మిషన్లు, ఈ ఫైళ్ళన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఏ ఊళ్ళో అన్నది వదిలేద్దాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కౌంటరుకు ఇవతల కూర్చున్న మా గురించి. మాకు ఏం నేర్పారు, ఏం నేర్పలేదు, మేము ఒకళ్ళతో ఒకళ్ళం ఎలా ఉండేవాళ్ళం అన్న దాని గురించి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం. వంశధార అవతలి పల్లె నుంచి ఒక తల్లి, ఇరవై ఏళ్ళ కొడుకు వచ్చారు. కౌంటర్లో నేనే ఉన్నాను. “పేరేంటి?” అన్నాను అబ్బాయిని చూసి. జవాబు లేదు. గట్టిగా అడిగాను. ఇంకా గట్టిగా అడిగాను. వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అబ్బాయి తల దించుకున్నాడు. అప్పుడు ఆ తల్లి మెల్లగా అంది, “మావోడికి ఇనపడదు బాబూ. అందుకే కదా నీకాడికి తెచ్చినాను.”

ఆ తర్వాత పది నిమిషాలూ నేను ఆమెతోనే మాట్లాడాను. పేరు, ఊరు, ఎంతవరకు చదివాడు, ఏం పని చేస్తాడు, అన్నీ ఆమెనే అడిగాను. అబ్బాయి ఒకసారి నా పెదవుల వంక, ఒకసారి వాళ్ళమ్మ పెదవుల వంక చూస్తూ నిలబడే ఉన్నాడు. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమని చెయ్యి చూపించడానికి ఏ భాషా అక్కర్లేదు. అదీ నాకు తట్టలేదు. ఆ రాత్రి భోంచేస్తుంటే ఆ కుర్చీ గుర్తొచ్చింది. ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

అప్పటికి నాకు రెండు ట్రైనింగులు అయ్యాయి. మాలాంటి ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ట్రైనింగ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, తెర మీద చిన్న చిన్న అక్షరాల్లో చట్టం సెక్షన్లు, మధ్యలో టీ బిస్కెట్లు, మధ్యాహ్నం భోజనం ప్యాకెట్, సాయంత్రం సంతకం, గ్రూప్ ఫొటో. ఆ రెండు రోజుల్లో ఒక్క వికలాంగుడు కూడా మాతో మాట్లాడలేదు. వాళ్ళ గురించి చెప్పారు. వాళ్ళ చేత చెప్పించలేదు.

చట్టం తెలియాలి, అందులో అనుమానం లేదు. వికలాంగుల కోసం చేసిన 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన చట్టంలో 21 ఉన్నాయి. మన వైపు కొండ పల్లెల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కూడా అందులో ఉంది. ఇది పైకి కనిపించేది కాదు. నొప్పి వచ్చిన రోజు మనిషి మెలికలు తిరిగిపోతాడు, మర్నాడు మామూలుగా నడుచుకుంటూ ఆఫీసుకి వస్తాడు. “చూడ్డానికి బాగానే ఉన్నావు కదా, నీకెందుకు సర్టిఫికెట్?” అని మా వాళ్ళు అనడం నా చెవులతో విన్నాను. ఆ మాట అన్నవాడు దుర్మార్గుడు కాదు. వైకల్యం అంటే చేతికర్రో, చక్రాల బండో ఉండాలని అతని లెక్క. ఆ లెక్క తప్పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. డాక్టరు తేల్చాల్సిన సంగతి గుమస్తా కౌంటరు దగ్గరే తేల్చేస్తే ఆ మనిషి మళ్ళీ రాడు. కొండ మీది ఊరికి బస్సు చార్జీ, పోయిన కూలి రెండూ అతనివే.

నలుగురిలో కావాలని ఒక వికలాంగుణ్ణి అవమానిస్తే ఆ 2016 చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. ‘కుంటోణ్ణి రమ్మను’, ‘ఆ గుడ్డాయన ఫైలు’ అని ఆఫీసుల్లో అలవోకగా అనేస్తారే, ఆ మాటలు ఎంతవరకు వెళ్తాయో చాలామందికి తెలియదు. ఒడియాలో ‘భిన్నక్షమ’ అన్న మాట ఆఫీసు కాగితాల్లో వాడేవాళ్ళం. మనకి ‘దివ్యాంగులు’ ఉంది. మాట మార్చడం మంచిదే. కానీ నేను చూసినంతలో, అన్నిటికంటే వాళ్ళకి నచ్చేది పేరు పెట్టి గారూ అని పిలవడం.

నా చివరి ఐదారేళ్ళలో మా ఆఫీసు మారింది. ఎలా మారిందో చెప్పాలంటే ముందు మా తోటి ఉద్యోగి ఒకాయన సంగతి చెప్పాలి.

ఆయనకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. కాలికి ఇనప పట్టీలు కట్టుకుని నడిచేవాడు. వికలాంగుల కోటాలో వచ్చిన ఉద్యోగం. ఆ రోజుల్లో కోటా 3 శాతం, ఇప్పుడు 4. మా హాజరు పుస్తకం మేడ మీద పెద్దాఫీసరు గదిలో ఉండేది. 22 మెట్లు. రోజూ పొద్దున్న ఆయన ఒక చేత్తో రెయిలింగు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ఎక్కేవాడు. ఆలస్యమైతే ఎర్ర సిరాతో గీత. మేమంతా ఆయన పక్కనుంచే చకచకా ఎక్కి, సంతకం పెట్టి దిగిపోయేవాళ్ళం. వికలాంగుల కోసం పెట్టిన ఆఫీసులోనే, 11 ఏళ్ళు, ఒక్కరమూ ఆ పుస్తకం కిందికి తెద్దామని అనలేదు.

తర్వాత ఒక ఆవిడ ఆఫీసరుగా వచ్చారు. మొదటి వారంలోనే ఆ పుస్తకం కిందికి వచ్చింది. దానికి జీవో లేదు, మీటింగ్ లేదు. “ఇది ఇక్కడ ఉంటుంది” అన్నారు, అంతే. రెండోది, జనం ఎదుట ఎవర్నీ తిట్టకూడదన్నారు. అప్పటిదాకా మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే డేటా ఎంట్రీ అమ్మాయిని చీటికీ మాటికీ లైన్లో ఉన్నవాళ్ళ ముందే కసిరేవారు. సర్వర్ పని చెయ్యకపోయినా ఆమె తప్పే, జీతం రెండు నెలలు రాకపోయినా ఆమె మాట్లాడకూడదు. ఆ టెన్షన్ అంతా ఆమె ఎక్కడ దించుకుంటుంది? కౌంటరుకు అవతల నిలబడ్డ ముసలాయన మీద. నేను ఆ అమ్మాయి విసుగునే చూసేవాణ్ణి. అది ఎక్కడ పుట్టిందో చూడలేదు. పై నుంచి కసురు ఆగాక రెండు నెలల్లో ఆమె గొంతు మారిపోయింది. ఏ ట్రైనింగూ లేకుండానే. అందుకే సిబ్బందికి మర్యాద నేర్పాలని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఒకటే: ఆ సిబ్బందితో మీరెలా మాట్లాడుతున్నారు?

ఆ ఆవిడ మొదలుపెట్టించిన మూడో పని సోమవారం పావుగంట. అటెండర్ నుంచి బొడొబాబు, అంటే హెడ్ క్లర్కు దాకా అందరూ నిలబడి, ఆగిపోయిన దరఖాస్తు ఒక్కొక్కటి చెప్పాలి. ఎవరి తప్పు అన్న ప్రశ్న లేదు. ఎక్కడ ఆగింది అన్నదే. తెలుగువాళ్ళ దరఖాస్తులు ఎందుకు ఎక్కువ వెనక్కి వస్తున్నాయో అలాగే బయటపడింది, అదీ మా అటెండర్ నోట. “మనకి ఇంటిపేరు ముందు ఉంటది. ఒడియావోళ్ళు ఎనక్కి రాస్తారు. ఆధార్లో ఒకలాగ, సర్టిఫికెట్లో ఒకలాగ. కంప్యూటర్ ఒప్పుకోదు” అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ సంగతి అతనికి తెలుసు. అడిగినవాళ్ళు లేరు. మర్నాడే ఒడియాలో, తెలుగులో బోర్డు పెట్టాం: పేరు ఆధార్లో ఉన్నట్టే చెప్పండి, రాయించండి అని.

ఇక ట్రైనింగ్. ఏడాదికి ఒక రోజు కాకుండా నెలకి రెండు గంటలు, ఆఫీసులోనే పెట్టుకున్నాం. చెప్పేది వికలాంగులే, వాళ్ళకి దారి ఖర్చులిచ్చి, కొంత సొమ్ము కూడా ఇచ్చి పిలిచేవాళ్ళం. ఊరికే వచ్చి చెప్పి పొమ్మంటే అది గౌరవం కాదు. మొదట వచ్చినాయన చూపులేని మాస్టారు. మా అందరి చేతా కళ్ళు మూయించి బ్రెయిలీ కాగితం ఇచ్చారు. “ఒడియా ‘క’కి ఒక గీత, తెలుగు ‘క’కి ఇంకో గీత మీరు నేర్చుకోవాలి. నాకు రెండూ ఒకటే” అన్నారు. నిజమే. మన దేశ భాషలకి ఉమ్మడిగా ఉన్న భారతీ బ్రెయిలీలో ఏ భాష ‘క’ అయినా 1, 3 చుక్కలే. నా వేలికి ఆ రెండు చుక్కలూ ఆవగింజల్లా తగిలాయి. తర్వాత ఆయన మమ్మల్ని గేటు దాకా నడిపించి చూపించారు. సాయం చేసేవాడు చూపులేని మనిషి చెయ్యి లాక్కుపోకూడదు. తన మోచెయ్యి అందించాలి, ఆ మనిషి పట్టుకుంటాడు. ఇన్నేళ్ళూ నేను చెయ్యి పట్టి లాగినవాళ్ళు ఎంతమందో.

మాట తడబడే అబ్బాయి ఒకతను వచ్చి నేర్పింది ఇంకా కష్టం. అతను వాక్యం పూర్తి చేసేదాకా మేము అందుకోకూడదు, అంతే. ఒక్క వాక్యానికి దాదాపు నిమిషం పట్టింది. ఆ నిమిషం నోరు మూసుకుని కూర్చోవడం అలవాటు కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

సైగల భాష నేర్పడానికి ఒకమ్మాయి వచ్చింది. పేరు, ఊరు, డబ్బు, రేపు రా, కూర్చో, ఇలాంటివి ముప్ఫై సైగలు. ఢిల్లీలో 2015లో పెట్టిన సైగల భాష సంస్థ చేసిన నిఘంటువు 2018లో 3,000 మాటలతో మొదలై 2021కి 10,000కి వెళ్ళింది. మాకు ముప్ఫై చాలు అనిపించింది. అప్పుడు ఆమే చెప్పింది, పల్లెల్లో బడి మొహం చూడనివాళ్ళకి ఆ సైగలు కూడా రావు, వాళ్ళ ఇంట్లో వాళ్ళు కల్పించుకున్నవే వస్తాయని. వాటిని వచ్చినవాళ్ళ దగ్గరే నేర్చుకోమంది.

ఇక్కడ ఒకాయన్ని తలుచుకోకుండా ఉండలేను. పర్లాకిమిడి రాజావారి బళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు. సవరల కోసం ఏదైనా చెయ్యాలంటే ముందు వాళ్ళ మాట రావాలని, తెలుగు వచ్చిన సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. మన వైపు వీధుల్లోనే నడిచిన మనిషి ఆయన. ఎదుటివాడి భాష మనం నేర్చుకోవాలి గానీ వాడు మన భాషలోకి రావాలని కూర్చోకూడదని చేసి చూపించిన ఆయనకే, చివరికి చెవులు లేకుండా పోయాయి. ఆయన ఈ రోజు మా కౌంటరు ముందుకి వస్తే మేము కూడా గట్టిగా అరిచేవాళ్ళమేమో అన్న ఆలోచన నన్ను చాలా బాధపెట్టింది.

వినేవాళ్ళలో ప్రభుత్వ ఉద్యోగం చేసే వికలాంగులు ఉంటే ఒక్క మాట. ప్రతి ప్రభుత్వ ఆఫీసులోనూ, ఉద్యోగంలో వివక్ష జరిగిందన్న వికలాంగుల ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి, ఫిర్యాదుల పుస్తకం ఉండాలి, ఫిర్యాదు అందిన రెండు వారాల్లో కదలాలి. ఆ అధికారి ఎవరని అడగండి. అది మీ హక్కు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఆ తల్లీ కొడుకూ వికలాంగుల కార్డు పని మీద మళ్ళీ వచ్చారు. నేను ఫైళ్ళ బీరువా దగ్గర ఉన్నాను. కౌంటర్లో ఆ డేటా ఎంట్రీ అమ్మాయి ఉంది. కుర్చీ చూపించింది, అబ్బాయి కూర్చున్నాడు. పేరు అని సైగ చేసింది. అతనికి అర్థం కాలేదు. కాగితం, పెన్ను జరిపింది. తల్లి అలవాటుగా ముందుకు వంగి చెప్పబోయింది. ఆ అమ్మాయి నవ్వుతూ అరచెయ్యి కొంచెం ఎత్తింది, ఆగమ్మా అన్నట్టు. అబ్బాయి పెన్ను తీసుకుని ఒక్కో అక్షరమూ దిద్దినట్టు పేరు రాశాడు. తెలుగులో. తల్లి ఒక క్షణం అలాగే నిలబడి, వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి నీళ్ళ సీసా తీసుకుని తాగింది.