బ్లేడు అడిగి మెషిన్ కొనండి

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఓ చిన్న గ్రైండరో, మార్బుల్ కట్టరో, చెక్కను వంపులుగా కోసే జిగ్‌సానో కనబడుతోంది. ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మంలోకే వచ్చేస్తుంది. బేరమంతా మెషిన్ మీదే. దానికి తొడిగే బ్లేడు ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. డబ్బు కారిపోయేది అక్కడే.

పెట్టెలో ఉచితంగా వచ్చే బ్లేడు చాలావరకు మెషిన్ తిరుగుతోందని చూసుకోవడానికే. నాలుగు ప్లైవుడ్ ముక్కలు కోసేసరికి అంచు నల్లబడి పొగ వస్తుంది. ప్లైవుడ్ మెత్తగానే కనిపిస్తుంది గానీ పొరల మధ్య గట్టిపడిన జిగురు పళ్లను అరగదీస్తుంది. పాత తలుపులు, దూలాలు ఇంకా ప్రమాదం. లోపల దాగిన మేకు ఒక్కటి తగిలితే బ్లేడు అంచుకు అతికించిన కార్బైడ్ అనే గట్టి పదార్థపు పన్ను ఎగిరిపోతుంది, ఆ బ్లేడు ఇక పక్కన పడేయాల్సిందే. కోసేముందు పాత స్పీకర్లోని అయస్కాంతాన్ని చెక్క మీద జరిపి చూడండి, మేకులు చాలావరకు బయటపడతాయి.

తర్వాత కొలతలు. నాలుగంగుళాల గ్రైండర్ డిస్కుకు మధ్య రంధ్రం సాధారణంగా 16 మిల్లీమీటర్లు. మార్బుల్ కట్టర్ బ్లేడుకు 20. ఐదంగుళాల డిస్కుకు 22 పైచిలుకు. జిగ్‌సా బ్లేడుల్లో మెషిన్‌లోకి దూరే కాడ 'టీ' ఆకారంది వేరు, 'యూ' ఆకారంది వేరు. ఒకదానికి కొన్నది ఇంకోదానికి సరిపడదు. మన ఊళ్లో దొరక్కపోతే బరంపురమో శ్రీకాకుళమో వెళ్లాలి. అప్పుడు బస్సు చార్జీ, పోయిన ఒక రోజు కూలీ కలిపితే బ్లేడు ధరను దాటిపోతాయి. అలాగని వదులుగా ఉన్న రంధ్రానికి తీగ చుట్టి బిగించేవాళ్లున్నారు, డిస్కుకు అడ్డుగా ఉండే రక్షణ రేకు, అంటే గార్డు తీసేసి పెద్ద డిస్కు తొడిగేవాళ్లున్నారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో డిస్కు పగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరూ లెక్క వేయలేరు.

ఇనుము కోసే పల్చటి డిస్కులకు గడువు తేదీ కూడా ఉంటుంది. మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద నెల, సంవత్సరం చూడండి. సాధారణంగా తయారైన నాటి నుంచి మూడేళ్లు. డిస్కులోని రేణువులను పట్టి ఉంచేది రెసిన్ అనే జిగురు, తేమ తగిలితే దాని బలం తగ్గుతుంది. చవకని పెట్టె మొత్తం కొని వానాకాలమంతా వసారాలో పడేస్తే, వాడని డిస్కులు కూడా పారేయాల్సి వస్తుంది.

పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చేసేవారి చేతిరంపం మొద్దుబారితే ఆకురాయితో పదును పెట్టుకోవచ్చు. పాత వడ్రంగి రంపమూ అంతే. కార్బైడ్ పళ్లకు ఆకురాయి పనిచేయదు, వజ్రపు చక్రం కావాలి. పదంగుళాల ఖరీదైన బ్లేడైతే పెద్ద ఊరిలో పదును పెట్టించడం లాభమే. నాలుగంగుళాలదానికి ఆ శ్రమ దండగ. ఇప్పుడొచ్చే చాలా చేతిరంపాల పళ్లు కూడా వేడితో గట్టిపరిచినవే, ఆకురాయి జారిపోతుంది. పదును పెట్టుకునే పనిముట్ల నుంచి పారేసే పనిముట్ల వైపు మనల్ని నెట్టిందెవరో గానీ, లెక్క మాత్రం మన జేబులోంచే.

అయితే మొద్దుబారిందనుకున్న బ్లేడంతా మొద్దుబారింది కాదు. వేప, మామిడి లాంటి చెక్కల జిగురు పళ్లకు అంటుకుని కోత ఆగిపోతుంది. చాకలిసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, బాగా ఆరబెట్టి తొడగండి. టైల్స్ కోసే వజ్రపు బ్లేడుదీ ఇలాంటి సంగతే. గట్టి టైల్స్ కోసి కోసి దాని అంచు నున్నబడుతుంది, వజ్రపు రేణువులు లోహం చాటున ఉండిపోతాయి. మెత్తటి ఇటుకనో ఇసుకరాయినో నాలుగైదుసార్లు కోస్తే మళ్లీ రేణువులు పైకి తేలతాయి. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ మాత్రం మరవకండి. అప్పటికీ కోయకపోతే కొత్తది కొనాల్సిందే.